పురుగులద్దానికి బొట్టు

గెడ్డపేట నేలనూతి నీళ్ళలో పురుగన్నది లేదని మైకు పట్టుకుని ఊరికి చెప్పిన పెద్దమనుషులారా, ఆ రోజు మీరు తాగిందేమిటి? గోళీసోడాలు! తడిగోనె చుట్టి నరసన్నపేట నుంచి తెప్పించుకున్న గోళీసోడాలు. నేలనూతి నీళ్ళు మీలో ఒక్కడి గొంతూ దిగలేదు. లక్ష్మణమ్మ కొడుకు గొంతు దిగాయి. తప్పెవరిదో కథ ఆఖర్న తీరుబడిగా వెతుక్కోనక్కర్లేదు. మీది. హెడ్మాస్టరుది, సమితి ప్రెసిడెంటుది, ఇన్‌స్పెక్టరుది. తెలిసీ నోరు మెదపని సైన్సు మేష్టారిది. ఇక వినండి.

నరసన్నపేటకు తూర్పుగా, సముద్రపు గాలికి చప్పిడి కూడు కూడా ఉప్పగా అనిపించే చోట ఉంది గెడ్డపేట. ఊరందరికీ తాగడానికి ఒకటే నేలనుయ్యి. గిలకా లేదు, చేదా లేదు. మెట్లు దిగాలి, నీళ్ళలో నిలబడాలి, పొలంలో కాళ్ళకంటిన బురద అక్కడే కడుక్కోవాలి, అక్కడే కడవ ముంచుకోవాలి. తాతల నాటి నుంచీ అంతే. బోరు వేయిస్తానన్న సమితి ప్రెసిడెంటు నరసింగరావు ఎన్నికలయ్యాక ఆ మాటను కూడా ఆ నూతిలోనే ముంచేశాడు.

లక్ష్మణమ్మ ఆ ఊరి రైతు గంగులు పెళ్ళాం. ఆమెకున్న జబ్బు ఒక్కటే. కళ్ళారా చూడందే ఏదీ నమ్మదు. సంతలో వంకాయ విరిచి చూడందే కొనదు. పెళ్ళిచూపులకొచ్చిన గంగుల్ని, తలుపు చాటు నుంచే, "ఆ దూడకి పలుపెయ్యమను, సూద్దాం" అందిట. వేశాడు కనకనే మొగుడయ్యాడు. అలాంటి మనిషి కూడా కిందటి వర్షాల్లో తన కళ్ళను తానే నమ్మలేకపోయింది. ఊళ్ళోకి మరిడి వచ్చింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని నడిపిల్ల ఒక్క పూటలో వడిలిపోయి చచ్చిపోయింది. మరిడమ్మకు కోడిని కోశారు. అమ్మవారు కోడిని పుచ్చుకుంది, పిల్లను మాత్రం తిరిగివ్వలేదు.

ఇంట్లో మిగిలింది పెద్దకూతురు సుభద్ర, పాలు మానిన కొడుకు రాముడు. సుభద్ర కొమ్మరవలస హైస్కూల్లో పదో తరగతి. చెల్లెలు పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల పుస్తకంలో ఒకే పేజీ పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, నూతి నీళ్ళు కాగబెట్టి తాగాల. అందులో కంటికి కనబడని పురుగులుంటాయి. పుస్తకంలో ఉన్నాది."

"కంటికి కనబడనియ్యి నీకెలగ కనబడ్డాయే?"

"సూక్ష్మదర్శినని పురుగులద్దం ఉంటాది, అందులో సూస్తే కనబడతాయి."

"నువ్వు సూసేవా?"

సుభద్ర తల దించుకుంది.

"సూడనిదానివి నాకు సెప్తన్నావా! కంపలెవులు తెస్తారు? జీడితోటలో పుల్ల ముట్టుకుంటే కాపలావోడు కుక్కని తోల్తన్నాడు. కడవడు నీళ్ళు కాగబెట్టీసి, కూడు నీ పుస్తకం మీద వండాలా?"

గోడ అవతల నుంచి తోటికోడలు జగ్గమ్మ అందుకుంది. "ఓలె లచ్చనమ్మా, కాగబెట్టు, కాగబెట్టు. రేపు నీ కూతురు గాలిలో కూడా పురుగులున్నాయంటాది. గాలిని ఏ కుండలో కాగబెడతావో!"

సుభద్ర ఏడ్చింది. లక్ష్మణమ్మకు ఏడుపు గిట్టదు. అయినా చచ్చిపోయిన పిల్ల గుర్తుకొచ్చింది. మెత్తబడి బేరం పెట్టింది.

"ఇదో, విను. నా కంటితో ఒక్క పురుగు కదలడం సూసేనంటే, సచ్చేదాకా ఇంటిల్లిపాదికీ కాగబెడతాను. జీడితోటోడి కుక్క కరిసినా సరే. సూసి ఏటీ నేవని తేలిందా, ఈ ఇంటిలో మరి ఆ మాట ఎత్తకు. అందాకా రాముడొక్కడికీ ఓ ముంతడు కాసి ఇస్తాను. సరేనా?"

"సరే" అంది సుభద్ర, బతుకు జీవుడా అనుకుంటూ.

అనుకుంది గాని, చూపించడం ఎలా? కొమ్మరవలస హైస్కూలుకి సూక్ష్మదర్శిని ఉంది. లేకేం! అది వచ్చిన రోజే హెడ్మాస్టరు జానకిరామయ్య గారు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోదూ! ముట్టుకుని పాడుచేస్తే పైవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాలి. ముట్టుకోకుండా దానంతటదే పాడైతే ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు.

సైన్సు మేష్టారు త్యాగరాజు విజయనగరం వాడు, పాటకచేరీల ఇంట పుట్టినవాడు. పిల్లలకు వస్తువు చూపించలేక, దాని భాగాలన్నీ మోహన రాగంలో పాటకట్టి నేర్పాడు. తరగతి తరగతంతా, నాళమూ కటకమూ అద్దమూ మరా అంటూ శ్రుతి తప్పకుండా పాడేది. సుభద్ర కళ్ళు మూసుకుని సూక్ష్మదర్శిని బొమ్మ గీయగలదు. కళ్ళు తెరిచి మాత్రం దాన్ని ఎన్నడూ చూడలేదు.

బీరువా ఏడాదికొక్కసారి తెరుచుకునేది, దసరా సరస్వతీ పూజకి. గ్లోబూ, జిల్లా పటమూ, డ్రిల్లు మేష్టారి ఈలా, సూక్ష్మదర్శినీ వరసగా పీట మీదకెక్కేవి. ఆ ఏడు పూజలో హెడ్మాస్టరు గారికి ధర్మసందేహం వచ్చింది. "ఏమయ్యా త్యాగరాజూ, ఇందులో అతి ముఖ్యమైన భాగం ఏది?"

"కింద ఉన్న కటకమండీ. వస్తువును పెద్దది చేసి చూపేది అదే."

"అలాగా! అయితే బొట్టు అక్కడే పడాలి."

గంధం చిక్కగా రంగరించి, కటకం నిండా దట్టంగా పులిమి, దాని మీద కుంకుమ అద్దారు. త్యాగరాజు అయ్యో అనబోయాడు. కాని సొంతూరికి బదిలీ కోరుతూ ఆయన పెట్టుకున్న అర్జీ హెడ్మాస్టరు బల్ల మీద ఉంది. అయ్యో అనేది "ఆహా" అయి బయటికొచ్చింది. గంధం ఎండింది. బీరువా మూసుకుంది.

ఈ సంగతి లక్ష్మణమ్మకు తెలిసేనాటికి చాలా జరిగిపోయింది.

దసరాలైన కొన్నాళ్ళకి పైనుంచి ఉత్తరువు దిగింది. ప్రతి హైస్కూలూ విజ్ఞాన ప్రదర్శన పెట్టి తీరాలిట, పిల్లలకే కాక ఇంటివాళ్ళకీ సైన్సు తెలియాలిట. ఉత్తరువు మంచిదే. మంచి ఉత్తరువులన్నీ మన జిల్లాకు వచ్చే దారిలోనే ఎక్కడో చెడిపోతాయి. హెడ్మాస్టరు గారికి తెలిసిన ఆహ్వానపత్రిక ఒక్కటే, పెళ్ళిది. అదే అచ్చేయించారు. 'విద్యార్థుల తల్లిదండ్రులు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, విజ్ఞానమును కనులారా తిలకించి ఆనందింప ప్రార్థన.'

సుభద్ర చదివి వినిపించింది. లక్ష్మణమ్మ వంట ఆపి వచ్చింది. "మరోపాలి సదువు. కనులారా అన్నాడా?"

"కనులారా అన్నాడు."

"అయితే ఎల్దాం. నూతి నీళ్ళు సెంబుతో పట్టుకెల్దాం."

ఊళ్ళో మిగతా వాళ్ళకు అది పెళ్ళే అనిపించింది. జగ్గమ్మ పట్టుచీర కట్టి, ముడి వేసిన కొంగులో అక్షింతలు పోసుకుని బయల్దేరింది. "ఓలె, పెళ్ళికూతురెవులో తెలకుండా ఎల్తన్నాం. బోజనాలు మాత్రం బంతిలోనేనా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది.

పొద్దున్న తలుపులు తీసేముందు త్యాగరాజు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి గొణిగాడు. "అయ్యా, ఆ కటకం మీద బొట్టు... కాస్త తడిగుడ్డతో..."

జానకిరామయ్య గారు చెవులు మూసుకున్నారు. "శివ శివా! సరస్వతి ముఖాన బొట్టు చెరపమంటావా? బొట్టు చెరపడమంటే ఏమిటో తెలుసునా నీకు? అమ్మవారికి వైధవ్యమయ్యా! నా బళ్ళో, నా చేతుల మీదుగా!"

"చిత్తం" అన్నాడు త్యాగరాజు.

ప్రదర్శన అదిరిపోయింది. నెల రోజులుగా సైన్సు పీరియడ్లన్నీ స్వాగతగీతం ప్రాక్టీసుకే పోయాయి గనక పాట అద్భుతంగా కుదిరింది. గదుల నిండా బల్లలు, బల్లల చుట్టూ కొబ్బరి తాడు, తాడుకు 'ముట్టుకొనరాదు' అని అట్టలు. బొమ్మలన్నీ ఊరి వడ్రంగి చేశాడు. ప్రెసిడెంటు మేనల్లుడు చినబాబు అట్టరాకెట్టు పక్కన నిలబడి, అది చంద్రమండలానికి ఎలా వెళుతుందో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. మధ్యలో ఎవరో "బాబూ, మరి ఎనక్కెలగొస్తాది?" అని అడిగితే పాపం మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.

సైన్సులో తరగతికి మొదటిది సుభద్ర. ఆమెకు ఇచ్చిన పని, గుమ్మం దగ్గర నిలబడి పెద్దవాళ్ళ మీద పన్నీరు చల్లడం.

చిట్టచివరి బల్ల మీద, బంతిపూల దండ వేసుకుని పెళ్ళికూతురిలాగే కూర్చుంది సూక్ష్మదర్శిని. జగ్గమ్మ చూసీ చూడగానే రెండు చేతులూ జోడించి, తాడు మీదుగా నాలుగు అక్షింతలు విసిరింది. "తెలిసింది లచ్చనమ్మా! పెళ్ళికూతురు ఈయమ్మే."

బళ్ళ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఆయన ఒక చేత్తో సోడా పట్టుకుని, రెండో చేత్తో కళ్ళజోడు పైకి తోసి, గొట్టంలోకి వంగారు. అడుగున త్యాగరాజు పెట్టింది ఉల్లిపొర. కనిపించింది ఎర్రటి మసక.

"ఆహా!" అన్నారు. "రక్తకణాలు! ఎంత స్పష్టంగా ఉన్నాయి!"

త్యాగరాజుకు చెమట పట్టింది. పట్టిన చెమట తుడుచుకోకుండానే "చిత్తం, రక్తకణాలే" అన్నాడు.

వెంట వచ్చిన ప్రెసిడెంటు నరసింగరావు వంగి చూశాడు. ఇన్‌స్పెక్టరుకు కనబడింది తనకు కనబడకపోతే పరువేం కాను? "రక్తమే, సందేహమా! ఏం ఎరుపండీ! మన తాలూకా రక్తమంటే అలా ఉంటుంది."

హెడ్మాస్టరు గారు చూడను కూడా లేదు. పెద్దలు చూశాక ఇంకా చూడడం అవిధేయత కదా!

అప్పుడు లక్ష్మణమ్మ చెంబు పట్టుకుని తాడు కిందినుంచి దూరి ఇవతలికొచ్చింది.

"ఏయ్, ఏమిటిది? అవతలికి, అవతలికి!" అన్నారు జానకిరామయ్య గారు.

"కనులారా అని మీరే రాసేరు కదా బాబూ! సూసి ఎల్లిపోతాను. ఇయ్యి మా నేలనూతి నీళ్ళు. ఇందులో పురుగులున్నాయో నేవో ఒక్కపాలి సూపించండి."

ఇన్‌స్పెక్టరు గారికి ముచ్చటేసింది. "గుడ్! పల్లెటూరి స్త్రీకి కూడా జిజ్ఞాస! చూపించవయ్యా మేష్టారూ."

త్యాగరాజు చుక్క వేశాడు. లక్ష్మణమ్మ ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండోది గొట్టానికి ఆనించింది. చాలాసేపు చూసింది. వెనక ఎవరో కదిలితే కసిరింది. ఆమె అంత శ్రద్ధగా సంతలో వంకాయల్ని కూడా చూసి ఉండదు.

"ఎర్రగా ఉన్నాది" అంది చివరికి. "మా నీళ్ళు ఎరుపు కాదే! మీరు సూసిందీ ఇదే ఎరుపా బాబూ?"

ఇన్‌స్పెక్టరు గారు సోడా ఒక గుక్క వేశారు. ఆమె మళ్ళీ వంగింది. "పురుగులేవి మేష్టారూ? ఏదీ కదల్దేటి?"

ఇక్కడ త్యాగరాజు చెప్పవలసింది ఒక్క మాట. అద్దం మీద కుంకుమ ఉందమ్మా, తుడిచి చూపిస్తానుండు అని. ఆ మాట అంటే ఇన్‌స్పెక్టరు గారు చూసిన రక్తకణాలు కుంకుమ అయిపోతాయి. ప్రెసిడెంటు గారి తాలూకా రక్తం గంధమైపోతుంది. హెడ్మాస్టరు గారి బల్ల మీది అర్జీ చిత్తుకాగితమైపోతుంది. ముగ్గురు పెద్దల పరువు ఒక పక్క, ముక్కుపచ్చలారని పిల్లవాడి కడుపు ఒక పక్క. తక్కెడ ఎటు మొగ్గిందో చెప్పాలా?

"మీ నీళ్ళలో పురుగులు లేవమ్మా" అన్నాడు, గోడకేసి చూస్తూ.

ఆ మాట నరసింగరావు చెవిన పడ్డమే తరువాయి. ఒక్క అంగలో మైకు దగ్గరున్నాడు. "మహాజనులారా! మన సమితి పరిధిలోని గెడ్డపేట నేలనూతి నీళ్ళను ఇప్పుడే, మీ అందరి ఎదుట, శాస్త్రీయంగా పరీక్షించాం. పురుగన్నది లేదు! బోర్లు కావాలని నన్ను వేధించేవాళ్ళు ఇకనైనా సైన్సు నేర్చుకోవాలని కోరుతున్నాను!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది జగ్గమ్మ. తమ ఊరి పేరు మైకులో వినబడ్డం అదే మొదలు మరి.

గుమ్మం దగ్గర సుభద్ర చేతిలో పన్నీటిబుడ్డి వంగిపోయి, పన్నీరంతా నేల మీద పోయింది.

ఇంటికొస్తూనే లక్ష్మణమ్మ రాముడి నీళ్ళ ముంత పొయ్యి మీంచి దించేసింది.

"అమ్మా, వద్దు! ఇందులో ఏదో మోసం ఉన్నాది. నీళ్ళు ఎర్రగా ఎందుకుంటాయే?"

"నువ్వు సూసేవా?"

"నన్ను గుమ్మం కాడ నిలబెట్టేరు కదా! ఎలగ సూస్తాను?"

"నాను సూసేను. మరి మాటాడకు. బేరం బేరమే."

లక్ష్మణమ్మ మాట తప్పే మనిషి కాదు. తన కళ్ళతో చూసింది, నిర్ణయించుకుంది. ఆమె చేసిన దాంట్లో తప్పెన్నడానికి లేదు. ఆమె కంటికి పెట్టిన అద్దమే దొంగది.

వారం తిరక్కుండా రాముడికి పట్టుకుంది. తెల్లారి ఆడుకుంటున్న పిల్లవాడు మధ్యాహ్నానికి మెడ నిలపలేకపోయాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుక ఎండి అట్ట కట్టింది. లక్ష్మణమ్మకు ఆ మొహం తెలుసు. కిందటి వర్షాల్లో చూసిన మొహమే. మరిడమ్మకు కోడిని మొక్కుదామన్న జగ్గమ్మను తోసేసి, "బేగి బండి కట్టు మావా!" అని గంగులు మీద అరిచింది.

నరసన్నపేట ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. బాగా చీకటి పడ్డాక పిల్లవాడు ఒక్కసారి మూలిగాడు. బతికాడు. డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఏం నీళ్ళు తాగిస్తున్నావమ్మా వీడికి?"

"నేలనూతి నీళ్ళే బాబూ. మంచి నీళ్ళే. సైన్సోళ్ళు సూసేరు. నాను కూడా సూసేను."

డాక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. వెర్రిదనుకున్నాడు కాబోలు, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడోనాడు పొద్దున త్యాగరాజు బత్తాయిపళ్ళు పట్టుకుని వచ్చాడు. సుభద్ర బడికి రాకపోతే ఆరా తీశాడట. మంచం కోడు పట్టుకుని నిలబడి, పిల్లవాడి చేతికి గుచ్చిన సూది చూసి, దసరా పూజ దగ్గర్నుంచీ అంతా చెప్పేశాడు. గంధం, కుంకుమ, ఉల్లిపొర, రక్తకణాలు. చెప్పి, "నాదే తప్పమ్మా" అని పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

లక్ష్మణమ్మ తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉంది సుభద్రకి.

"పెద్దోళ్ళు అబద్దాలాడతారని నాకు తెలుసు మేష్టారూ. అందుకే ఎవుల మాటా నమ్మను, నా కంటినే నమ్ముకున్నాను. మీరు నా కంటి సేతే నాకు అబద్దం సెప్పించేరు" అంది. తర్వాత, "ఈ పళ్ళు తీసుకెల్లిపోండి. బడికి నడవండి. నాను ఎనకాలే వస్తాను" అంది.

రాముణ్ణి గంగులుకి అప్పజెప్పి, బస్సు దిగి గెడ్డపేట వెళ్ళి, నేలనూతిలో కడవ ముంచి నెత్తినెత్తుకుంది. సుభద్ర వెంట నడిచింది. విషయం విన్న జగ్గమ్మ, చప్పట్లు కొట్టిన చేతులతోనే ఒక కడవ ఎత్తుకుంది. దారిలో ఇంకొందరు ఆడవాళ్ళు కలిశారు. మధ్యాహ్నం బడి గంట కొట్టేవేళకు హెడ్మాస్టరు గది ముందు కడవలు వరసగా దిగాయి.

జానకిరామయ్య గారు బయటికొచ్చి, చేయి జంధ్యం మీదికి పోనిచ్చి తాళంచెవి తడుముకున్నారు. ఉంది. ధైర్యం వచ్చింది.

"ఏమిటమ్మా ఈ దండయాత్ర? ప్రదర్శన అయిపోయింది. ఇక వచ్చే ఏడే."

"ఆ అద్దం తుడవండి బాబూ."

"త్యాగరాజు చెప్పాడన్నమాట! చూడమ్మా, నువ్వూ ముత్తైదువవే. అమ్మవారి బొట్టు చెరపమని ఏ నోటితో అంటున్నావు? పైగా ఇన్‌స్పెక్టరు గారు రక్తకణాలు చూశామని రాసి సంతకం పెట్టారు. ఇప్పుడు తుడిస్తే ఆయన మాట ఏం కావాలి?"

వెనక ఆడవాళ్ళు బొట్టు మాట విని ఒక్క అడుగు వెనక్కి తగ్గారు. లక్ష్మణమ్మ తగ్గలేదు.

"బొట్టు నుదుట ఎట్టుకుంటాం బాబూ. కంటిలో ఎవులూ ఎట్టుకోరు. మీ ఆడోళ్ళు ఎట్టుకుంటారేటి కంటిలో?"

జగ్గమ్మ ఫక్కున నవ్వింది. తగ్గినవాళ్ళు ముందుకొచ్చారు.

"నుదురేదో నాకు సూపించండి, నానే ఎడతాను, ఎంత పెద్దది కావాలన్నా ఎడతాను. కన్ను మాత్రం తుడవండి. ఆ కన్నుతోనే నాను కొడుకుని సంపుకోబోయేను. ఒక పిల్లని ఆ నూతికి ఇచ్చేసేను, ఇంకోడిని ఇవ్వను. తాళం తియ్యండి. మేష్టారు తుడుస్తారు, నా కూతురు పక్కనుండి సూస్తాది. ఈపాలి గుమ్మం కాడ కాదు, బల్ల కాడ. తుడిసేక దాన్ని మళ్ళీ బీరువాలో ఎట్టడం నేదు, మా నూతిగట్టు మీదకి తేవాల. ఊరోళ్ళందరూ ఒక్కొక్కరే సూడాల. ఆ ప్రెసిడెంటుని రమ్మనండి, ఇన్‌స్పెక్టర్ని రమ్మనండి, ఆళ్ళూ సూడాల. సూసి, మా నీళ్ళు మంచియ్యే అంటారా, సోడాలు ఉండవు, ఈ కడవలో నీళ్ళు తలా ఒక సెంబుడు మా ముందర తాగాల. కాదంటారా, బోరు ఎప్పుడేస్తారో ఆ నూతిగట్టు మీదే సెప్పి కదలాల. మైకు కూడా తెండి. అబద్దం సెప్పిన మైకులోనే నిజం సెప్పాల. వచ్చే దసరాకి కాదు, వచ్చే ఎన్నికలకి కాదు, ఈ పొద్దే. జంధ్యం మీంచి సెయ్యి తియ్యకండి బాబూ, ఆ తాళంసెవి అక్కడే ఉన్నాది. తియ్యండి!"